అడిగితే చెప్తా: అడుగున నాలుగు వేళ్ల నీళ్లు

(హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏండ్లు అసిస్టెంటుగా చేసి రిటైరైన పెద్దాయన ఈసారి మీ ఉత్తరాలకు రాసిన జవాబులు.)

ప్ర: వానకాలం వచ్చిందంటే మా నల్లా నీళ్లు ఎర్రగా వస్తాయి. గోలెంలో పట్టి పటిక ముక్క వేసి ఉంచుతాను. పొద్దున అడుగున మడ్డి కనబడుతుంది గానీ బిందెలోకి పోసేసరికి మళ్లీ మసకే. మా అత్తమ్మ చిల్లగింజ అరగదీసి కలిపేది, నీళ్లు అద్దంలా ఉండేవి. పటికలో కల్తీ ఉందంటారా?
– ఒక గృహిణి, పరకాల

జ: అడుగున మడ్డి కనబడిందంటే పటిక తన పని తాను చేసిందమ్మా. చెడగొట్టింది మీ చేయి.

ముందు మడ్డి సంగతి. ఇసుక నలుసు 0.1 మిల్లీమీటరుది అయితే బకెట్ అడుగుకు నిమిషంలోపే దిగుతుంది. నలుసు సైజు పదో వంతుకు తగ్గితే దిగే వేగం నూరో వంతుకు పడిపోతుంది. స్టోక్స్ అనే ఆయన 1851లో తేల్చిన లెక్క ఇది. ఈ లెక్కన 0.002 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువు మూరెడు కంటే తక్కువ లోతు దిగడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. అంతకంటే సన్నవైతే దిగనే దిగవు. వాటన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ పంతాన్ని విరిచి వాటిని చిన్న చిన్న ముద్దలుగా కలుపుతుంది. మీ అత్తమ్మగారి చిల్లగింజలో ఉన్న జిగురు చేసేదీ దాదాపు ఆ పనే. రెండూ మంచివే, గొడవ లేదు.

పటిక ముక్కను గోలెంలో పడేసి పడుకోకండి. చేత్తో పట్టుకుని నీళ్లలో ఓ పదిసార్లు తిప్పి తీసెయ్యండి. తర్వాత కట్టెతో ఒక నిమిషం గబగబా కలపండి, అంతటా అందాలి. ఆపైన ఐదారు నిమిషాలు నిమ్మళంగా తిప్పండి. ఆ ముద్దలు ఒకదానికొకటి తగిలి పెద్దవయ్యేది అప్పుడే. ఆ సమయంలో జోరుగా తిప్పారా, కట్టినవి కూడా విరిగిపోతాయి.

ఇక వంపడం. గోలెం వంగదు కదా, పైపైన చెంబుతో తోడుకోవాలి. చెంబు బుడుంగున ముంచొద్దు, అంచు ఒరిపి నీళ్లు వాటంతటవే చెంబులోకి జారేలా పట్టుకోవాలి. బిందెలోనో బగోనిలోనో తేర్చి వంపేటట్టయితే, ఒకసారి వంచడం మొదలుపెట్టాక మళ్లీ నిలబెట్టొద్దు. నిలబెట్టిన ప్రతిసారీ నీళ్లు వెనక్కి కొట్టి మడ్డిని లేపుతాయి. మూతి దగ్గర గంటె కాడ ఆనించి పోస్తే నీళ్లు దాని వెంబడే జారుతాయి, దబదబ పడవు. ల్యాబులో ఆ పనికి గాజు కడ్డీ వాడేవాళ్లం.

అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మాత్రం వదిలెయ్యండి. ఆ చివరి గ్లాసెడు నీళ్ల ఆశే మీ బిందెడు నీళ్లను పాడుచేస్తున్నది. ఈ మాట నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఒక మేడమ్ మూడు రోజులు కష్టపడి తయారుచేసిన తెల్లటి అవక్షేపం, అంటే అడుగుకు దిగిన గట్టి పదార్థం, ఉన్న బీకరును నా చేతికిచ్చి, పైనీళ్లు తీసెయ్యమన్నది. నేను చివరి చుక్కదాకా వంచేశాను. తెల్లగా పాలలాగ సింకులోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.

ఒకటి మరిచిపోవద్దు: తేట నీళ్లు వేరు, తాగదగ్గ నీళ్లు వేరు. క్రిములు పోవాలంటే కాచాల్సిందే. ఉప్పు, ఫ్లోరైడ్ లాంటివి కరిగి ఉంటాయి కాబట్టి ఎన్నాళ్లుంచినా వాటంతటవే దిగవు. ఫ్లోరైడును దింపడానికి పటికతో పాటు సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపే పద్ధతి ఉంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసిన దానికి మన నల్లగొండ పేరే పెట్టారు.

ప్ర: బెల్లంలో ఇసుక వస్తున్నది. పాకం పట్టాక వడకట్టినా పండ్ల కింద కరకరలాడుతున్నది.
– ఒక పాఠకురాలు, జనగామ

జ: పాకం వచ్చాక ఇసుక దిగదు, చిక్కదనం దాన్ని పట్టుకుంటుంది. బెల్లాన్ని నీళ్లు ఎక్కువే పోసి కరిగించి, వేడిగా పలచగా ఉన్నప్పుడే పావుగంట కదపకుండా పెట్టండి. పైది వంపుకుని అడుగు పారబోసి, అప్పుడు పాకం పట్టుకోండి.

ప్ర: బియ్యం గాలించడం కూడా తేర్చడమేనా సార్? మా క్లాసులో పందెం కాసుకున్నాం.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కాజీపేట

జ: పందెం ఎంతో రాయలేదు నువ్వు. తేర్చడంలో నీళ్లు పోతాయి, గట్టిది అడుగున ఉంటుంది. గాలించేటప్పుడు బియ్యమే నీళ్లతో పాటు రెండో గిన్నెలోకి పోతుంది, రాళ్లు మిగులుతాయి. మీ అమ్మమ్మ చేయి చూడు: గిన్నెను కొంచెం ఒరిపి, నీళ్లు పోసి, చిన్నగా ఊపుతుంది. ఆ ఊపుకు బియ్యం లేస్తుంది, బరువైన రాయి లేవదు. లేచిన బియ్యాన్ని అప్పటికప్పుడే నీళ్లతో పక్క గిన్నెలోకి జారవిడుస్తుంది. ఆఖరున పిడికెడు బియ్యంలో రెండు రాళ్లు కనబడతాయి. నువ్వులకూ అంతే. చుట్టాలేగానీ ఒకటి కాదు. పందెం సగం సగం పంచుకోండి.

ప్ర: మా చెలకకు చెరువు మట్టి తోలిద్దామనుకుంటున్నాను. చెరువులో ఏ వైపుది తీసుకోవాలి?
– ఒక రైతు, నర్సంపేట

జ: చెరువంటే ఒక పెద్ద బగోనే అనుకోండి. వాగు నీళ్లు చెరువులోకి వచ్చి వేగం తగ్గగానే బరువైన ఇసుక, దొడ్డు మట్టి వాగు మూతి దగ్గరే కూలబడతాయి. సన్నటి ఒండ్రు నీళ్లతో పాటు లోపలికి పోయి, కట్ట వైపు లోతున నిమ్మళంగా పేరుకుంటుంది. మత్తడి దుంకినప్పుడు పోయేవి పైనీళ్లే, అంటే చెరువు తనంతట తానే వంపుకుంటున్నదన్నమాట. ఒకటి నిండితే కిందిదానికి నీళ్లు పోయే గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మడ్డి పట్టి ఉంచితే కింది చెరువుకు పూడిక భారం తగ్గుతుంది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక ట్రాక్టర్లు పెట్టి తోలుకున్నది ఈ మట్టినే.

మీది ఎర్ర దుబ్బ చెలకైతే లోతు వైపు సన్న ఒండ్రే తెచ్చుకోండి, పదును నిలబడుతుంది. ఇప్పటికే రేగడి ఉన్న పొలానికి తోలించి దండగ. తీసుకునే ముందు పిడికెడు మట్టిని గాజు సీసాలో నీళ్లు పోసి ఊపి, ఒక పూట పెట్టి చూడండి. కింద ఇసుక పొర ఎంతుందో, పైన సన్న మట్టి ఎంతుందో కళ్ల ముందే కనబడుతుంది. ఇసుక సగానికి మించితే ఆ గుంత వదిలి కట్ట వైపు ఇంకో నలభై అడుగులు జరగండి.