ఆ తొలి చిత్రంలో నేను పిల్లి పక్షమే

‘టామ్ అండ్ జెర్రీ’ మొట్టమొదటి చిత్రం ఏది, అది ఇప్పుడు చూసినా నవ్వు తెప్పిస్తుందా అని అడిగారు. 1940 ఫిబ్రవరిలో ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసిన ‘పస్ గెట్స్ ది బూట్’ అది. నవ్వు తప్పక వస్తుంది. అయితే ఆ నవ్వు ఎలుక గడుసుతనంలో కంటే పిల్లి భయంలోనే ఎక్కువగా ఉందని నా గట్టి నమ్మకం.

నిజానికి ఇందులో టామ్ పేరు గానీ జెర్రీ పేరు గానీ వినపడదు. గుబురు బొచ్చుతో, మనం ఎరిగిన టామ్ కంటే అసలు పిల్లికే దగ్గరగా ఉండే ఇతని పేరు జాస్పర్. ఎలుకనైతే ఎవరూ పేరు పెట్టి పిలవరు. మొదట్లో జాస్పర్ దుర్మార్గుడే: ఎలుక తోక పట్టుకుని ఆడుకుంటాడు, గోడ మీద సిరాతో కలుగు బొమ్మ గీసి, అది నిజమనుకుని పరుగెత్తిన ఎలుక గోడకు గుద్దుకునేలా చేస్తాడు. ఆ తరుముడులో పూలకుండీ పగులుతుంది. ఇంకొక్క వస్తువు పగిలితే ఇంట్లోంచి గెంటేస్తానని పనిమనిషి హెచ్చరిస్తుంది. ఆ మాట విన్న ఎలుక బల్ల అంచున నిలబడి గాజు గ్లాసును కిందికి వదలబోతున్నట్టు చూపిస్తుంది. జెర్రీ అనే పాత్ర పుట్టింది ఆ క్షణంలోనేనని నేనంటాను.

ఈ చిత్రాన్ని నేను మొదటిసారి చూసింది మా నాయనమ్మ పక్కన కూర్చుని, అద్దెకు తెచ్చిన సీడీలో. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. వయసులో ఉన్నప్పుడు ఒక కలవారి ఇంట్లో వంట చేసేది. అక్కడ ఒక పింగాణీ కప్పు చేజారి పగిలినందుకు నెల జీతంలో కోత పెట్టారట. నేను ఎలుక వైపు చేరి చప్పట్లు కొడుతుంటే, ఆమె మాత్రం జాస్పర్ నేలంతా దిండ్లు పరిచినప్పుడు “అదీ, అట్లా చేసుకోవాలి” అంది. ఎలుక మీదినుంచి విసిరే పళ్ళేలన్నీ పట్టుకుంటూ అతను కదలలేని స్థితిలో నిలబడినప్పుడు నా మోకాలు గట్టిగా పట్టుకుని, “ఆ ఎలక్కి బుద్ధి లేదా? ఇంకోటి పగిలితే వాడి కూడు పోతుంది కదరా!” అంది. పనిమనిషి మాటలు ఒక్కటీ అర్థం కాని మనిషి కథ మొత్తం పట్టేసింది. ఆ రోజు నుంచీ నేను పిల్లి పక్షమే.

ఇప్పుడు ఈ చిత్రాలను అర నిమిషం ముక్కలుగా కోసి, పైన ఎవరివో వెకిలి నవ్వులు అతికించి పంపుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే గ్లాసు పడుతుందా పడదా అన్న ఆ నిశ్శబ్దం తీసేస్తే ఈ చిత్రంలో మిగిలేది ఏమీ లేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ పనిమనిషిని నల్లజాతి స్త్రీల పట్ల ఆనాడు అమెరికాలో ఉన్న చులకన భావంతోనే గీశారు, మాట్లాడించారు. పిల్లలకు చూపించేటప్పుడు ఆ సంగతి విడమరిచి చెప్పడం పెద్దల బాధ్యత.

దీన్ని తీసిన విలియం హానా, జోసెఫ్ బార్బెరాల పేర్లు తెరమీద కనపడవు. అదే స్టూడియోలో కార్టూన్లు తీసే రుడాల్ఫ్ ఐసింగ్ పేరొక్కటే ఉంటుంది. చిత్రం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళి, అదే సంస్థకు చెందిన ‘ది మిల్కీ వే’ చేతిలో ఓడిపోయింది. పిల్లీ ఎలుకల కథతో ఇంకో చిత్రం అక్కర్లేదనుకున్న నిర్మాత ఫ్రెడ్ క్వింబీ మనసు మార్చుకోవడానికి టెక్సాస్ నుంచి ఒక సినిమా హాళ్ళ ప్రతినిధి రాసిన ఉత్తరం కారణమైంది. పేర్ల కోసం స్టూడియోలో పోటీ పెడితే జాన్ కార్ అనే యానిమేటర్ సూచించిన టామ్, జెర్రీ పేర్లు నిలిచాయి. అతనికి 50 డాలర్ల బహుమతి దక్కింది. ఈ తొలి చిత్రంతో కలిపి 1958 వరకు హానా, బార్బెరాలు మొత్తం 114 టామ్ అండ్ జెర్రీ చిత్రాలు తీశారు, 7 ఆస్కార్లు వచ్చాయి.

చిత్రం చివర పళ్ళేలన్నీ కూలిపోతాయి, జాస్పర్‌ను బయటికి ఈడ్చేస్తారు, ఎలుక తన కలుగు ముందు ‘హోమ్ స్వీట్ హోమ్’ అన్న పలక పెట్టుకుంటుంది. నాయనమ్మ నవ్వలేదు. “మరి రాత్రికి ఆ పిల్లి ఎక్కడ పడుకుంటుందిరా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేక, అదే సీడీలో తర్వాత ఉన్న 1941 నాటి ‘ది మిడ్‌నైట్ స్నాక్’ పెట్టాను. అదే ఇంట్లో, టామ్ అనే కొత్త పేరుతో అదే పిల్లి కనిపించింది. “మళ్ళీ రానిచ్చారన్నమాట” అని ఆమె దిండు సర్దుకుని కూర్చుంది.