కోర్సు ముగ్గురిది, సమీక్ష ఎవరిది?

అడ్మిషన్ల కాలం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఏ కోర్సులో చేరాలన్నవే. వాటిలో ఒకటి కింద ఉంది. ముందు మాత్రం ఒక లెక్చరర్ గారి ఉత్తరం తీసుకుంటున్నాను. అది కాస్త పొడుగ్గానే సాగుతుంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. హైదరాబాద్‌లో ఒక అటానమస్ (సిలబస్ తనే వేసుకునే) డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెబుతున్నాను. జాగ్రఫీ, కెమిస్ట్రీ, హిస్టరీ శాఖలు కలిసి 'నగరం - నీళ్లు' అని నాలుగు క్రెడిట్ల ఎలక్టివ్ నడుపుతున్నాం. బీఏ, బీఎస్సీ పిల్లలు కలిసి కూర్చుంటారు. మూడేళ్లయింది కాబట్టి సమీక్ష చేయమన్నారు. ఏ శాఖ యూనిట్లు ఆ శాఖ బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తేల్చే కమిటీ) చూసుకుంటే చాలంటున్నారు ప్రిన్సిపాల్ గారు. మూడు బోర్డులూ 'మార్పులు అవసరం లేదు' అని రాసి పంపేశాయి. పిల్లలేమో కోర్సు అతుకులబొంతలా ఉందంటున్నారు. ఎవరి మాట నమ్మమంటారు?

జవాబు: పిల్లల మాటే నమ్మండి. అలాగని బోర్డులు రాసింది అబద్ధమూ కాదు. ఎవరి యూనిట్ వాళ్లు చూసుకుంటే ఎవరికీ తప్పు కనబడదు. కెమిస్ట్రీ వాళ్లు చూస్తే బీఓడీ, సీఓడీ (నీళ్లలోని మురికి విచ్ఛిన్నం కావడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే కొలతలు), నీటి కాఠిన్యం అన్నీ ఉన్నాయి. హిస్టరీ వాళ్లు చూస్తే 1908 సెప్టెంబర్ మూసీ వరద, ఆ తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఉన్నాయి. మీకు అనంతగిరి కొండల నుంచి వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా మూసీ మ్యాపు ఉంది. దేనికది బాగానే ఉంది. లోపమల్లా ఒకరి యూనిట్ అయిపోయి ఇంకొకరిది మొదలయ్యే చోట. ఆ చోటు ఏ బోర్డు పరిధిలోనూ లేదు, అందుకే ఎవరూ చూడలేదు.

నేను స్టాటిస్టిక్స్ దాన్ని. సర్వీసంతా ఎకనామిక్స్‌కీ సైకాలజీకీ జెనెటిక్స్‌కీ వెళ్లి పాఠాలు చెప్పినదాన్ని. ఒకచోట శాంపిల్ ఎలా తీయాలో నేను చెప్పే పాఠం మార్చిలో వచ్చేది, పిల్లల ప్రాజెక్టు సర్వే జనవరిలోనే అయిపోయేది. రెండు శాఖల సిలబస్ కాగితాలూ చక్కగానే ఉండేవి! ఇలాంటివి సిలబస్ చదివితే దొరకవు. టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని చదవాలి.

కాబట్టి ఆ మూడు కాగితాలూ పక్కన పడేసి, ప్రిన్సిపాల్ గారిని ఒక ఉమ్మడి కమిటీ వేయమనండి. పాఠం చెప్పే ముగ్గురూ ఉండాలి. హెచ్‌ఓడీలు కాదు, క్లాసుకి వెళ్లేవాళ్లు. గెస్ట్ ఫ్యాకల్టీ అయినా సరే వాళ్లనే కూర్చోబెట్టండి. ఈ కోర్సు చదివి బయటికెళ్లిన పిల్లలు ఇద్దరు, అందులో ఒకరు బీఏ, ఒకరు బీఎస్సీ. జలమండలిలో పనిచేసి రిటైరైన ఇంజనీర్ ఎవరైనా దొరికితే మరీ మంచిది. చైర్మన్ మాత్రం ఈ మూడు శాఖల మనిషి కాకూడదు. వీళ్లు తేల్చింది బోర్డులకీ అకడమిక్ కౌన్సిల్‌కీ పంపి ఆమోదం వేయించుకోవచ్చు, రూల్స్‌కేమీ అడ్డం రాదు.

కమిటీ టేబుల్ మీద మొదట పెట్టాల్సింది సిలబస్ కాదు, ఇంతవరకు ఇచ్చిన ప్రశ్నపత్రాలు. ఎలా ఉంటాయో చూడకుండానే చెప్పగలను. 'మూసీ వరదలకు కారణాలు వ్రాయుము.' 'బీఓడీ అనగానేమి?' 'హైదరాబాద్ నీటి వనరులను వివరింపుము.' ఒక్కో ప్రశ్నకి ఒక్కో లెక్చరర్ పేరు రాసేయొచ్చు. పిల్లవాడు రెండు యూనిట్లు చదివి, మూడోది చాయిస్‌లో వదిలేసి పాసైపోతాడు. ఇక ఆ కోర్సుని మూడు శాఖలు కలిసి నడిపినందువల్ల వచ్చిందేమిటి?

అదే ఇలా అడిగి చూడండి. మూసీ మీద నగరానికి ఎగువన గండిపేట దగ్గర, ఊళ్లో బాపూఘాట్ దగ్గర, ఇంకా దిగువన నాగోల్ దగ్గర తీసిన నీళ్లలో బీఓడీ అంకెలు ఇచ్చి, పక్కన మ్యాపు ఇచ్చి, 'ఈ తేడా ఎందుకొచ్చింది? వందేళ్ల కిందట ఇదే తేడా ఉండేదా?' అని. కెమిస్ట్రీ ఒక్కటే చదివినవాడు సగంలో ఆగిపోతాడు, హిస్టరీ ఒక్కటే చదివినవాడు అసలు మొదలే పెట్టలేడు. పేపర్లో ఇలాంటి ప్రశ్న కనీసం ఒకటి, చాయిస్ లేకుండా ఉండాలి. దాన్ని ముగ్గురూ కలిసి దిద్దాలి. దిద్దేటప్పుడు ఎలాగూ వాదన వస్తుంది. నన్నడిగితే కోర్సు సమీక్షలో సగం ఆ వాదనలోనే అయిపోతుంది.

టైమ్‌టేబుల్ సంగతికి మళ్లీ వస్తాను. మన దేశంలో బీఓడీ పరీక్షకి మామూలుగా వాడే పద్ధతిలో సీసాలు ఇంక్యుబేటర్‌లో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉండాలి. మీ ఫీల్డ్ విజిట్ శుక్రవారం అనుకోండి, రీడింగ్ సోమవారం తీయాలి. సోమవారం ల్యాబ్ బీఎస్సీ మెయిన్ వాళ్లదైతే మీ పిల్లలు నీళ్లు పట్టుకొస్తారు, అంకె మాత్రం ల్యాబ్ అసిస్టెంట్ రాసిచ్చింది కాపీ చేసుకుంటారు. విజిట్‌ని సోమవారానికి మార్చి గురువారం ల్యాబ్ అడిగితే తీరిపోయే సమస్య ఇది. ఏ ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ ఇది బయటికి రాదు.

ఫారాల మాట వచ్చింది కాబట్టి, 'కోర్సు విషయం: చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు' అని గళ్లుంటే పిల్లలు పైనుంచి కిందికి ఒకే వరుసలో టిక్కులు పెట్టేసి పోతారు. కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ (NAAC) వాళ్లకి చూపించడానికి ఆ ఫారం కావాలి, ఉంచుకోండి. దానితోపాటు విడిగా రెండు ప్రశ్నలు తెల్లకాగితం మీద రాయించండి. 'ఒక సార్ చెప్పింది ఇంకొక మేడమ్ చెప్పినదానికి ఎక్కడ పొసగలేదు?' 'ఏది రెండుసార్లు విన్నారు?' పేర్లు రాయొద్దని చెప్పండి.

ఇక విషయం పాతబడటం. శాఖలవారీ సమీక్ష అసలు పట్టుకోలేనిది ఇదే. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన జీవో 111 వచ్చింది 1996లో. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలను షరతులతో ఎత్తేశారు. 2020 అక్టోబర్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) అన్న మాటలు ఇప్పుడు ఆటో డ్రైవర్ నోట కూడా వినబడుతున్నాయి. ఇవన్నీ మీ కోర్సులో ఏ యూనిట్‌లో పడతాయి? హిస్టరీ వాళ్లు 1927 దగ్గర ఆగిపోతారు, కెమిస్ట్రీ వాళ్లు అది మా సబ్జెక్టే కాదంటారు, మీరేమో మ్యాపులో రంగు మార్చి ఊరుకుంటారు. వీటికోసం సిలబస్‌లో ఒక భాగాన్ని ఏటా మార్చుకునేలా ఖాళీగా పెట్టుకోండి. కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్లు ఒకటి రెండు క్రెడిట్ల చిన్న చిన్న కోర్సులు నడుపుతున్నారు. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు, అరక్రెడిట్‌కి సరిపడా జాగా చాలు.

మీ ఉత్తరంలో మీరు రాయని సంగతి ఒకటుంది. వర్క్‌లోడ్. యూనిట్ తగ్గితే గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే ముందు పోయేది కాంట్రాక్ట్ లెక్చరర్ ఉద్యోగం. 'మార్పులు అవసరం లేదు' అని మూడు బోర్డులూ ఒకే మాట రాయడం వెనక అసలు టెన్షన్ అదేనని నా అనుమానం. ఈ భయం ఉన్నంతసేపు ఎవరూ సిలబస్ గురించి నిజం మాట్లాడరు. ఏం మార్చినా వచ్చే రెండేళ్లు ఏ శాఖ గంటలూ తగ్గవని ప్రిన్సిపాల్ గారి చేత ముందే కాగితం మీద రాయించండి. ఆ తర్వాతే మీటింగు పెట్టండి.

పెద్ద సమీక్ష మూడేళ్లకొకసారి చాలు, ఒక డిగ్రీ బ్యాచ్ మొత్తం బయటికి వస్తుంది కాబట్టి. చిన్న దిద్దుబాట్లు మాత్రం ఏటా సెమిస్టర్ అయిపోయిన వారంలోనే, గుర్తున్నప్పుడే చేసుకోవాలి. కమిటీ కూర్చున్నాక కూడా ముగ్గురు లెక్చరర్లకి వారానికి ఒక్క గంట కలిసి కూర్చునే తీరిక దొరకదని తేలితే, మొహమాటపడకుండా దాన్ని జాగ్రఫీ ఎలక్టివ్‌గా మార్చేయండి. ఒక శాఖ శ్రద్ధగా చెప్పే కోర్సు నయం.

ప్రశ్న: అమ్మా, మా కాలేజీలో పర్యావరణం పేపర్ ఏటా వేరే వాళ్లు చెబుతారు. ఒక ఏడు బోటనీ సార్, ఒక ఏడు తెలుగు మేడమ్. అసలు ఎవరిదీ కాని సబ్జెక్టుకి సమీక్ష ఎవరు చేస్తారు? (డిగ్రీ విద్యార్థి, మలక్‌పేట)

జవాబు: మంచి ప్రశ్న నాయనా. పర్యావరణ విద్య అందరికీ చెప్పాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీలో దాన్ని తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. కాలేజీల్లో మాత్రం అది గంటలు తక్కువపడిన వాళ్లకి అంటగట్టే పేపర్ అయింది. తెలుగు మేడమ్ చెప్పకూడదని కాదు. చెరువుల గురించి మన సాహిత్యంలో ఉన్నంత బోటనీ పుస్తకంలో ఉండదు. కానీ పోయినేడు చెప్పినవాళ్ల నోట్సు ఈ ఏడు చెప్పేవాళ్ల చేతికి రావాలి కదా? మీ ప్రిన్సిపాల్‌ని అడగాల్సింది ఒక్కటే, ఈ పేపర్‌కి మూడేళ్ల పాటు మారని కోఆర్డినేటర్‌ని ఒకరిని వేయమని. ఆ మనిషి ఉంటే మిగతాది జరుగుతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ కాంబినేషన్ పెట్టుకుంటానంటోంది. బ్రోషర్‌లో 'ఇంటర్‌డిసిప్లినరీ, ఎప్పటికప్పుడు సిలబస్ మార్పులు' అని ఉంది. నమ్మొచ్చా? (ఒక తండ్రి, కూకట్‌పల్లి)

జవాబు: కాంబినేషన్ మంచిదే. నా సబ్జెక్టు ఉంది కాబట్టి పక్షపాతం అనుకుంటే అనుకోండి. బ్రోషర్ సంగతి మాత్రం వదిలేయండి. కాలేజీ అటానమస్ అయితే వెబ్‌సైట్‌లో బోర్డ్ ఆఫ్ స్టడీస్ మినిట్స్ పెట్టి ఉండొచ్చు, వెతకండి. 'సిలబస్ చర్చించి ఆమోదించడమైనది' అని ఒక్క ముక్క ఉంటే అక్కడ ఏమీ జరగలేదనుకోండి. 'ఫలానా యూనిట్ తీసేశాం, ఎందుకంటే...' అని ఉంటే ఎవరో కూర్చుని ఆలోచించారని అర్థం. ఐదేళ్లలో ఎన్ని కోర్సులకు సిలబస్ మార్చారని నాక్ అడుగుతుంది. అందుకని మూడో యూనిట్‌ని రెండోది చేసి మార్పు అని రాసుకునేవాళ్లూ ఉన్నారు. పాత సిలబస్, కొత్త సిలబస్ పక్కపక్కన పెట్టి మీ అమ్మాయినే చూడమనండి, ఆ మాత్రం పట్టుకుంటుంది.

తర్వాత కాలేజీకి వెళ్లినప్పుడు ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో రెండో ఏడు పిల్లల్ని అడగండి. ఎకనామిక్స్ క్లాసులో చూసిన ధరల లెక్కల్ని డేటా సైన్స్ ల్యాబ్‌లో ఎప్పుడైనా వాడారా అని. 'లేదంకుల్, అక్కడ ఐరిస్ పూల డేటానే' అన్నారంటే ఆ కాంబినేషన్ కాగితం మీద మాత్రమే కలిసింది. (ఆ పూల కొలతలు 1936 నాటివి, ఇంకా ప్రపంచమంతా వాటి మీదే నేర్చుకుంటోంది. మొదటి వారానికి బాగుంటాయి, సెమిస్టర్ మొత్తానికి కాదు.) డేటా సైన్స్ చెప్పేవాళ్లు ఏ శాఖలో కూర్చుంటారో, పర్మనెంటా, గంటల లెక్కన వచ్చేవాళ్లా అన్నది కూడా కనుక్కోండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగ్స్‌తో ఏడాది వెనకబడ్డాను. ఆర్18లో (2018 నాటి సిలబస్, రెగ్యులేషన్) చేరాను, ఇప్పుడు జూనియర్లతో ఆర్22లో (2022 నాటిది) కూర్చోమంటున్నారు. సిలబస్ మార్చినప్పుడల్లా మాలాంటివాళ్లు బలైపోవాల్సిందేనా? (పేరు వద్దన్నారు)

జవాబు: బలైపోనక్కర్లేదు బాబూ, కానీ నీ కాగితాలు నువ్వే చూసుకోవాలి. మామూలుగా కొత్త రెగ్యులేషన్ కొత్తగా చేరిన బ్యాచ్‌కి వర్తిస్తుంది. నీలాగా మధ్యలో వచ్చి కలిసినవాళ్లకి పాత పేపర్‌కి బదులు ఏ కొత్త పేపర్ రాయాలో చెప్పే సమాన సబ్జెక్టుల జాబితా యూనివర్సిటీ ఇస్తుంది. కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో అది అడుగు, నోటిమాట కాదు, కాపీ తీసుకో. నువ్వు పాసైపోయిన సబ్జెక్టే కొత్త పేరుతో మళ్లీ వచ్చిందేమో, ఎప్పుడూ చదవని సబ్జెక్టు ఏదైనా మీద పడిందేమో సెమిస్టర్ మొదటి వారంలోనే సరిచూసుకో. ఫీజు కట్టే చివరి తేదీ ముందు రోజు పరిగెత్తితే ఆ కౌంటర్ దగ్గర వినే నాథుడుండడు.