ఆదివారమంతా సంఘం పనులతోనే సరిపోతోంది, దేవునితో గడపడానికి టైమ్ దొరకట్లేదు. ఏం చెయ్యాలి?

ముందు ఏదో ఒక పని మానెయ్యండి. పన్నెండేళ్లు చాకిరీ చేసి చెప్తున్నాను.

మాది ఒంగోలు పక్కన ఊరు. సంఘంలో, అంటే మా చర్చిలో, నెలకోసారి, మొదటి ఆదివారం బల్ల: యేసు మరణాన్ని తలుచుకుంటూ అందరూ రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకుంటారు. ద్రాక్షరసం నా బాధ్యత. శనివారం రాత్రి నల్లద్రాక్ష ఉడకబెట్టి, పల్చటి గుడ్డలో పిండి, పంచదార కలిపి పెట్టాలి. పొద్దున్నే 160 చిన్న గాజు గ్లాసుల్లో పోసి పళ్లేల్లో సర్దాలి. పాట అవుతుండగానే ఖాళీ గ్లాసులు వెనక గదికొచ్చేస్తాయి. వెంటనే వేడినీళ్లలో వెయ్యకపోతే అడుగున జిగురు పట్టి ఒక పట్టాన వదలదు. వాడి పారేసే కప్పులు కొనమంటే కమిటీ దగ్గర డబ్బుల్లేవు. కొత్త సౌండ్ బాక్సులకి మాత్రం ఉన్నాయి.

ఓ ఆదివారం మోచేతుల దాకా సబ్బు నురగతో ఉంటే, ఒక పెద్దావిడ కర్ర పోటేసుకుంటూ లోపలికొచ్చింది. ఒక గ్లాసు, దాని మీద రొట్టె ముక్క. "అయ్యగారినడిగే తెచ్చాలే. నువ్వు బల్ల తీసుకుని ఎన్నాళ్లయిందే అమ్మాయ్?" అంది. లెక్కేసుకుంటే ఐదు నెలలు. అందరికీ పోసిందాన్ని నేనే. తడి చేతులు చీరకి తుడుచుకుని ఆ బేసిన్ పక్కనే మోకాళ్లూనాను. ఏడుపొచ్చింది. భక్తితో అనుకునేరు, సగం కోపమే.

యేసు ఇంటికొస్తే చెల్లెలు మరియ ఆయన మాటలు వింటూ కూర్చుందని, పనంతా తన మీదే పడిందని ఆయనతో చెప్పుకున్న మార్తని తప్పుపట్టడం మన ప్రసంగాల్లో అలవాటు. ఆ ప్రసంగం అయ్యాక భోజనాలు వడ్డించేది మళ్లీ మేమే. పైగా ఆ కథ ఉన్న లూకా పదో అధ్యాయం దగ్గరే ఆపేస్తారు. యోహాను 12 తియ్యండి. బేతనియలో విందు, అక్కడా వడ్డిస్తున్నది మార్తే. ఈసారి ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు, ఆవిడా చెల్లెలి మీద చాడీ చెప్పలేదు. ఆ రోజు సణిగింది, తర్వాత యేసుని పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా.

మా వైపు ఏ పండగ కూటమైనా, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి ముచ్చట తప్పదు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఆ అంకె పిల్లలకి కూడా నోటికొచ్చు. అంతకుముందు కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని తీసుకుని జనానికి కూలి ఇప్పించాడనీ, ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లని ఆగమన్నాడనీ ఎవరూ చెప్పరు. కూలి కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలి కదా. పని వేరు, విశ్వాసం వేరని ఆ దొరకి తెలుసు. మా కమిటీ లెక్కలో ఎవరెక్కువ చాకిరీ చేస్తే వాళ్లే ఆత్మీయులు.

పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకోమని మీకు అందరూ చెప్తారు, నేను చెప్పను. అర్ధరాత్రి దాకా ద్రాక్ష పిండినదానికి తెల్లవారుజామున కళ్లు తెరుచుకోవు.

పాస్టరమ్మగారితో కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఇప్పుడు నలుగురం వంతులేసుకున్నాం. నా వంతు కాని మొదటి ఆదివారం మూడో వరసలో కూర్చున్నాను. రొట్టె చేతిలో ఉంది, చెవులు మాత్రం వెనక గదిలోనే ఉన్నాయి. ఎవరో గ్లాసు పగలగొట్టారు. లేవబోయి, కూర్చుండిపోయాను.