విరేచనంలో ఎర్రటి రక్తం పడితే మొలలే అనుకోవచ్చా?

మీ నాన్నగారికి 64 ఏళ్లు, గుండెకు స్టెంట్ ఉంది, నిన్నటి నుంచి విరేచనంలో ఎర్రటి రక్తం పడుతోంది, ఊళ్లో ఆర్‌ఎంపీ గారు మొలలని మందిచ్చారు, కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా పంపి పెద్దపేగు చూసే పరీక్ష) అవసరమా అని అడిగారు. ఆ వయసులో అవసరమే. కానీ ముందు ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ పరీక్ష ఎప్పుడన్నది అక్కడ తేలుస్తారు.

మాది రాజోలు వైపు. మా పెదనాన్నకి అచ్చం ఇలాగే జరిగింది. స్టెంట్ వేశాక ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ మాత్ర) రోజూ వేసుకునేవారు. దానికి తోడు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకునేవారు, చేలో దిగిన రోజైతే తప్పనిసరి. రక్తం పడగానే వేడి చేసిందని సబ్జా గింజలు, మజ్జిగ ఇచ్చారు. నొప్పి లేదు, మంట లేదు. సాయంత్రానికి గడ్డలు గడ్డలుగా పడి, లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. 108కి ఫోన్ చేసి కాకినాడ తీసుకెళ్లాం.

అక్కడ ముందు నాడి, బీపీ చూసి, సెలైన్ పెట్టి, బ్లడ్ గ్రూపుకి శాంపిల్ పంపారు. రక్తం ఎక్కడిదో తర్వాత, ముందు ఎంత పోయిందో తెలియాలన్నారు. హిమోగ్లోబిన్ 11 వచ్చేసరికి మాకు ప్రాణం కుదుటపడింది. డ్యూటీ డాక్టరమ్మ మాత్రం ఆ అంకెను నమ్మొద్దన్నారు. రక్తం పోయిన కొత్తలో ఒంట్లో మిగిలిన రక్తం చిక్కదనం తగ్గదు, నీరు చేరాకే అసలు లెక్క బయటపడుతుందట. తెల్లారేసరికి 8 కన్నా తగ్గింది, రక్తం ఎక్కించారు. మామూలుగా 7 దాకా ఆగుతారు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి 8 దగ్గరే ఎక్కిస్తారు. మొదటి రిపోర్టు బాగుందని మీ నాన్నగారిని ఇంటికి తెచ్చేయకండి.

కొలనోస్కోపీలో కష్టమంతా అంతకుముందు తాగే మందుదే. పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి పది, పదిహేను నిమిషాలకో గ్లాసు తాగించాలి. ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. సగం తాగాక పెదనాన్న ఇక నా వల్ల కాదన్నారు. చల్లబరిచి ఇస్తే దిగింది. విరేచనం లేత పసుపు నీళ్లలా వచ్చేదాకా ఆపకూడదు, లోపల మలం మిగిలితే కెమెరాకి ఏమీ కనపడదు. షుగర్ మందులున్నా, కిడ్నీ సమస్య ఉన్నా ముందే చెప్పండి.

తీరా చూస్తే పెదనాన్నకి మొలలూ ఉన్నాయి. కానీ రక్తం వాటిది కాదు. పెద్దపేగు గోడలో చిన్న సంచుల్లా ఏర్పడే డైవర్టిక్యులాల్లో ఒకదాని దగ్గర నుంచి కారుతోంది. అక్కడ క్లిప్ వేశారు. మొలలు కనిపించినంత మాత్రాన రక్తం వాటిదేనని తేల్చేయకూడదని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. బస్టాండు గోడల మీద "ఆపరేషన్ లేకుండా మొలల చికిత్స" అన్న బోర్డులు చూసి ఇంజెక్షన్లు చేయించుకుంటూ పోతే, లోపల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) గానీ క్యాన్సర్ గానీ ఉంటే అది ముదిరిపోతుంది.

రంగు కూడా డాక్టరుకి సరిగ్గా చెప్పండి. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో పడితే సాధారణంగా పైన జీర్ణకోశంలో పుండు లాంటిది ఉన్నట్టు. ఐరన్ మాత్రలకీ నల్లగా వస్తుంది. పైనుంచి మరీ వేగంగా కారినా ఎర్రగానే పడొచ్చు కాబట్టి, బీపీ పడిపోతే నోటి ద్వారా కెమెరా పంపి చూసే ఎండోస్కోపీ కూడా చేస్తారు. రక్తం ధారగా పోతుంటే పేగు శుభ్రం చేసే వ్యవధి ఉండదు. సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే స్కాన్) తీసి, కారుతున్న రక్తనాళాన్ని కెథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా మూసేస్తారు.

డైవర్టిక్యులా రక్తం చాలామందిలో దానంతట అదే ఆగుతుంది. పాలిప్, క్యాన్సర్ నుంచి వచ్చేదీ ఆగి ఆగి పడుతుంది. అందుకే దారిలో తగ్గినా వెనక్కి తిప్పకండి.

ఎకోస్ప్రిన్ మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మరో మాత్ర క్లోపిడోగ్రెల్ కూడా ఉంటే గుండె డాక్టర్ని అడిగి తేలుస్తారు. పెదనాన్నకి ఎకోస్ప్రిన్ కొనసాగించి, డైక్లోఫెనాక్ మాత్రం జన్మలో ముట్టొద్దన్నారు. మీ ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, నొప్పుల బిళ్లలు, నాటు పొడులతో సహా ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ కాగితం కూడా పెట్టుకోండి.