గోవా పార్టీ నుంచి వచ్చాక చెవిలో మోత ఆగట్లేదు!

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి గోవాలో వాగటోర్ దగ్గర ఒక సైట్రాన్స్ (హోరెత్తించే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) పార్టీకి వెళ్లాను. ఊరికి దూరంగా, చెట్ల మధ్య చేశారు. లొకేషన్ కూడా చివరి నిమిషంలోనే వాట్సాప్‌లో పంపారు. రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా స్పీకర్ల ముందే డ్యాన్స్ చేశాను. అప్పటి నుంచి రెండు చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. ఎడమ చెవి దూది పెట్టినట్టు దిబ్బడగా ఉంది. ఇవాళ్టికి నాలుగో రోజు. ఆదివారం ఫ్లైట్‌లోనే తిరిగొచ్చాను. జలుబు వల్లేమో అని అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. తగ్గలేదు. అక్కడ ఎవరో ఇచ్చిన మాత్ర సగం వేసుకున్నాను, దవడలు ఇంకా నొప్పిగా ఉన్నాయి. నాతో వచ్చిన ముగ్గురికీ ఏమీ కాలేదు. ఇది దానంతటదే తగ్గుతుందా? డిసెంబరులో మళ్లీ వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: ముందు ఈ ఒక్క పని చేయండి. ఇవాళే, కుదరకపోతే రేపు ఉదయమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి. అరగంట పని. సూది ఉండదు, నొప్పి ఉండదు. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇంత తొందర ఎందుకంటే, పెద్ద శబ్దం విన్నాక చెవిలో మోత, దిబ్బడ రావడం మామూలే. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మీకు నాలుగో రోజు, పైగా ఒక చెవి మరీ మొద్దుబారింది. వినికిడి నిజంగా పడిపోయిందని పరీక్షలో తేలితే కొన్నాళ్లు స్టెరాయిడ్ మందులు వాడతారు. వాటి వల్ల ఎంతో కొంత మేలు జరగాలంటే తొలి రోజుల్లోనే మొదలుపెట్టాలి. రెండు వారాలు దాటాక ఇచ్చినా పెద్దగా ఆశ ఉండదు. అలాగని మెడికల్ షాపులో అడిగి మీరే కొనుక్కోకండి. షుగర్, బీపీ, కడుపులో అల్సర్ ఉన్నాయేమో చూసుకున్నాకే ఇవ్వాల్సిన మందులవి.

అయితే మీ దిబ్బడకు కారణం పార్టీయే అని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. ఫ్లైట్ దిగేటప్పుడు చెవి పట్టేసి ఉండొచ్చు. గులిమి నూనెకు నాని ఉబ్బి ఉండొచ్చు. ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని ‘మ్‌...’ అని గట్టిగా మూలగండి. ఆ మూలుగు దిబ్బడగా ఉన్న ఎడమ చెవిలోనే ఎక్కువగా వినిపిస్తే అడ్డు బయటి చెవిలోనో, కర్ణభేరి వెనకో ఉందని అర్థం. అది సులువుగా నయమయ్యేది. మూలుగు బాగున్న కుడి చెవి వైపు లాగినట్టుంటే దెబ్బ లోపలి చెవికి తగిలిందని అనుమానించాలి. ట్యూనింగ్ ఫోర్క్ (తడితే మోగే లోహపు పంగ) నుదుటి మీద పెట్టి మేం చూసేదీ ఇదే. కానీ ఫలితం ఎలా వచ్చినా ఆడియోగ్రామ్ మానొద్దు.

అమ్మగారికి చెప్పండి, ఇక చెవిలో నూనె పోయొద్దని. ఈ దెబ్బ తగిలే చోటికి నూనె చేరదు. కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం ఇన్ఫెక్షన్ తెచ్చిపెడుతుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమకణాలు ఒక్కో చెవికి సుమారు పదిహేను వేలు ఉంటాయి. గాలివానకు వరి పైరు పడిపోయినట్టు హోరుకు అవి వాలిపోతాయి. కొన్ని మళ్లీ లేస్తాయి. చచ్చినవాటి స్థానంలో మనుషులకు కొత్తవి పుట్టవు. ఇక మీ ఫ్రెండ్స్‌కి ఏమీ కాలేదన్న మాట నేను అంత తేలిగ్గా నమ్మను. ఒకే శబ్దానికి అందరి చెవులూ ఒకేలా దెబ్బతినవు, అది నిజమే. ఎవరు స్పీకర్‌కి ఎంత దగ్గరగా, ఏ చెవి అటు పెట్టి నిలబడ్డారన్నదీ లెక్కే. కానీ ఆడియోగ్రామ్ మామూలుగా వచ్చినా రోమకణానికీ నరానికీ మధ్య అతుకులు పోయి ఉండొచ్చని ఎలుకల మీద చేసిన పరిశోధన ఒకటి 2009లో చూపించింది. మనుషుల్లోనూ అలా జరిగితే ఇంట్లో అన్నీ బాగానే వినపడతాయి, హోటల్లో పదిమంది మాట్లాడుతుంటే మాత్రం ఎదుటివాళ్ల మాట అందదు. వాళ్లనూ ఒకసారి పరీక్ష చేయించుకోమనండి.

మాత్ర సంగతి దాచకుండా రాశారు, మంచిది. ఈఎన్‌టీ డాక్టర్‌కి కూడా చెప్పండి. చట్టం సంగతి వేరు, డాక్టర్ అడిగేది వైద్యం కోసం. అందులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పార్టీల్లో ‘ఎక్స్‌టసీ’ పేరుతో తిరిగే ఎండీఎంఏ అనే మత్తుమందు అయితే, పళ్లు గట్టిగా బిగబట్టేలా చేయడం దాని లక్షణం. మీ దవడ నొప్పి అదే కావచ్చు. దవడ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది కాబట్టి అది వాచినా చెవిలో మోత పెరుగుతుంది. నాలుగైదు రోజులు మెత్తటి తిండి తినండి, చూయింగ్ గమ్ మానేయండి.

ఆ మాత్రతో ప్రాణం మీదకి వచ్చేది మాత్రం ఒంట్లో వేడి వల్ల. ఆగకుండా గంతులేస్తుంటే జ్వరం లేకుండానే ఒళ్లు కాలిపోతుంది. దానికి భయపడి సీసాలకు సీసాలు నీళ్లు తాగేవాళ్లుంటారు, అదీ ప్రమాదమే. ఆ మందు మూత్రాన్ని ఆపేస్తుంది, రక్తంలో సోడియం పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి. డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు వాడేవాళ్లు దీన్ని కూడా వేసుకుంటే ఇంకా చేటు. ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా, పదేపదే వాంతులవుతున్నా పడుకోబెట్టి చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇక డిసెంబరు. వద్దంటే మీరు వింటారని నేను అనుకోను. లెక్క చెబుతాను, మీరే చూసుకోండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణుల కొలమానం. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 100కి వచ్చేసరికి మిగిలేది పావుగంట. స్పీకర్ల గోడ ముందు 100 దాటడం పెద్ద విషయమేం కాదు, మీరు ఉన్నది రాత్రంతా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకు సగటున 100 డెసిబెల్స్ పరిమితి పెట్టి, ఇయర్‌ప్లగ్స్, చెవులకు విశ్రాంతినిచ్చే చోటు ఉండాలంది. చట్టబద్ధమైన క్లబ్బుల్లోనే అవి కనపడటం అరుదు. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లే వద్దన్న నిబంధనను తప్పించుకుని అడవిలో పెట్టే పార్టీలో వాటిని ఎవరు చూస్తారు? ఆ నిబంధన పుణ్యమా అని గోవాలోనే పాలోలెం వైపు, ఎవరి పాట వాళ్ల హెడ్‌ఫోన్‌లోనే వినిపించే హెడ్‌ఫోన్ పార్టీలు మొదలయ్యాయి. అక్కడ వాల్యూమ్ మీ చేతిలో ఉంటుంది, పెంచుకోకపోతేనే లాభం.

మీ మోత పూర్తిగా తగ్గి, ఆరు వారాల తర్వాత తీసిన రెండో ఆడియోగ్రామ్ బాగుంటేనే వెళ్లే ఆలోచన చేయండి. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి, ధర తక్కువే. ప్లగ్‌ని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. బయటికి వేలాడుతుంటే పెట్టుకున్నా దండగే. ఆరుబయట స్పీకర్‌కి రెట్టింపు దూరం జరిగితే సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి, కాబట్టి వెనక నిలబడండి. గంటకోసారి పది నిమిషాలు బయటికి నడవండి.

అప్పటిదాకా ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టండి. ఆఫీసు కాల్స్ ల్యాప్‌టాప్ స్పీకర్ మీద తీసుకోండి. రాత్రి గది మరీ నిశ్శబ్దంగా ఉంటే మోత పెద్దగా తోస్తుంది, ఫ్యాన్ చప్పుడు ఉండనివ్వండి. ఈలోపు తల తిరగడం మొదలైనా, ఎడమ చెవికి ఫోన్ పెట్టినప్పుడు మాట అర్థం కాకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా హాస్పిటల్‌కి వెళ్లిపోండి.