కింద కంకర ఉన్నా పైన జాలు ఎందుకు పడతది - హాలియా వాగు పక్కన మా చేను అనుభవం

అన్నా, మీ ప్రశ్న చదివిన. వాగు పక్కన మూడెకరాలు చూసిన్రు, పైన రెండు రెండున్నర అడుగులు మెత్తటి గరప మట్టి, దాని కింద గులకరాళ్ళు ఇసుక, అయినా సంక్రాంతి దాకా చేను జాలు పట్టి, అంటే కింది ఊటతోని తడిసి, ఆరదట, కంకర ఉన్నకాడ నీళ్ళు దిగిపోవాలె గదా ఎందుకు నిలుస్తున్నయ్, బత్తాయి పెట్టొచ్చా అని అడిగిన్రు. సరిగ్గ ఇసొంటి నేలే మాకు నల్లగొండ జిల్లాల హాలియా వాగు పక్కన ఉంది. మీలెక్కనే అనుకొని నేను రెండెకరాల బత్తాయి తోట పోగొట్టుకున్న. అందుకే కొంచెం పెద్దగనే రాస్తున్న, ఓపికగ చదవండి.

మా నాయిన ఉన్నన్ని రోజులు ఆ తుకడల వరి తప్ప ఇంకేం వేయలే, "అది జాలు భూమిరా, చెట్టు బతకది" అనేటోడు. నేను 2013ల డ్రిప్ పెట్టి తోట వేద్దామని గడ్డపారతో అక్కడక్కడ గుచ్చి చూసిన, రెండడుగుల కింద గులకరాళ్ళు తగిలినయ్. ఇంకేంది, నీళ్ళు కిందికి జారిపోతయ్, నాయినకు తెల్వక అన్నడు అనుకున్న. 20 అడుగుల ఎడంతో ఎకరానికి 108 మొక్కలు, గుంతలు మూడడుగుల లోతు తీసి ఎర్రమట్టి, ఇసుక, పశువుల పెంట కలిపి నింపిన. మొదటి రెండు మూడేండ్లు మొక్కలు మంచిగనే లేచినయ్, ఎందుకంటే 2014, 2015 రెండూ కరువు ఏండ్లు, నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు కూడ నీళ్ళు సరిగ రాలే. 2016 సెప్టెంబర్ల వానలు ఎట్ల పడ్డయో మీకు గుర్తుండే ఉంటది. దసరా నాటికి ఆకు పండువారింది, మొదళ్ళకాడ బంక కారుడు మొదలైంది. బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూసిన, మందు పోసిన, ఏదీ పనిచేయలే. ఒక చెట్టును పీకి చూస్తే మొదటిసారి విషయం అర్థమైంది. సన్న వేర్లను వేళ్ళ మధ్య పట్టి లాగితే పైన తొక్క తడిసిన బట్టలెక్క ఊడి చేతికి వచ్చింది, లోపల సన్న దారం మాత్రం మిగిలింది, మట్టి కుళ్ళిన గుడ్డు వాసన. నేను తీసిన మూడడుగుల గుంత నీళ్ళు పట్టి ఉంది, ఒక్కో చెట్టుకు ఒక్కో కుండ చేసి అండ్ల నాటినట్టు అయింది.

తరువాత ఏడాది జనవరిల జేసీబీతోని ఐదడుగుల గుంత తీయించిన, చూద్దామని. ఆ గోడ ఇప్పటికీ నా కండ్ల ముందు ఉంది. పైన ఎనిమిది అంగుళాలు నల్లటి గోధుమ రంగు మట్టి, వేర్లు, ఎర్రలు, చేతిల పట్టుకుంటే పొడిపొడిగ రాలేది. పిడికెడు తడిపి బొటనవేలితో రిబ్బన్ లెక్క నొక్కితే అంగుళం లోపే తెగిపోయింది, రేగడి అయితే రెండంగుళాలు దాటి సాగుతది, అంటే బంకమట్టి కాదు, ఇసుక, ఒండ్రు, బంక తగినంత కలిసిన అసలైన గరప. దాని కింద రెండడుగుల దాకా మట్టి బూడిద రంగు, అండ్ల తుప్పు మేకులు గుచ్చి తీసినట్టు ఎర్ర ఎర్ర మచ్చలు. పాత వేరు పోయిన బెజ్జాల లోపల గోడకు నారింజ రంగు పూత లెక్క ఉంది. రెండున్నర అడుగులకాడ మట్టి అయిపోయి పొరలు మొదలైనయ్, బెత్తెడు ముతక ఇసుక, దాని కింద జానెడు గులకరాళ్ళు, మళ్ళ ఇసుక. రాళ్ళన్నీ గుండ్రంగ అరిగినయే, తెల్ల పలుగు రాళ్ళు, గులాబీ రంగు గ్రానైట్ ముక్కలు. ఇది మొరం కాదన్నా, ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మొరం అంటే కిందున్న బండ అక్కడికక్కడ చివికి తయారయ్యేది, ముక్కలు కోసుగ ఉంటయ్. గుండ్రటి రాళ్ళు నీళ్ళు మోసుకొచ్చి పరిచినయ్, అంటే మీ చేను ఒకప్పుడు వాగు తిరిగిన జాగ, దాని మీద తరువాత ఒండ్రు పేరుకుంది.

నీళ్ళు పైనుంచి కారలే. గులకరాళ్ళ పొర నుంచి, గుంతకు నాలుగు దిక్కుల నుంచి ఉబికి వచ్చినయ్. అరగంటల నేలమట్టానికి అడుగున్నర కిందిదాకా లేచి అక్కడ ఆగినయ్, అంతల ఇసుక జారి ఒక పక్క గోడ కూలింది. (అసొంటి గుంతలకు మనిషిని దింపకండి, గులకరాయి గోడ చెప్పకుండ జారుతది.)

అప్పుడు తెలిసింది నేను తప్పు ప్రశ్న అడుగుతున్నా అని. కంకరకు నీళ్ళు పంపే గుణం ఉందా అంటే ఉంది, మస్తు ఉంది. కానీ ఆ కంకర ముందే నిండి ఉంది. జల్లెడను నిండు తొట్టిల ముంచండి, జల్లెడకు ఎన్ని బెజ్జాలుంటే ఏంది, నీళ్ళు పోవడానికి జాగ లేదు. మా చేనుకు పైన అర కిలోమీటరుకు ఎడమ కాల్వ, కింద వాగు, చేను మధ్యల సపాటుగ ఉంటది. కాల్వ నుంచి, పైనున్న వరి మడుల నుంచి ఊరిన నీళ్ళు ఈ కంకర పొర పట్టుకొనే వస్తయ్, వాగు కూడ నిండుగ పారుతుంటే దిగలేక పైకి లేస్తయ్. 1967ల కాల్వలకు సాగర్ నీళ్ళు వదలకముందు మా చేను ఇంత జాలు కాదని మా తాత అనేటోడట. దీనికి తోడు ఇంకో సంగతి, కంకరల నీళ్ళు దిగిపోయిన రోజుల్ల కూడ పైనున్న సన్న మట్టి తన తడిని ముతక పొరకు అంత తొందరగ ఇడువది, పూలకుండీ అడుగున రాళ్ళు పోసినా రాళ్ళ మీద మట్టి తడిగనే ఉంటది చూడండి, అట్ల.

మా బామ్మర్ది కొడుకు అమెరికాల ఒహాయోల ఉంటడు, ఇల్లు కొంటూ అక్కడి వ్యవసాయ శాఖ నేల రిపోర్టు నాకు ఫోన్ల చూపించిండు. పైన గరప, కింద గులకరాళ్ళు, డ్రైనేజీ "పూర్లీ డ్రెయిన్డ్" అని ఉంది. వాడు కూడ మీరడిగినట్టే అడిగిండు. ఆ "పూర్లీ డ్రెయిన్డ్" అనే మాటకు నీళ్ళు ఎంత స్పీడుగ ఇంకుతయి అని కాదు అర్థం, పంట కాలంల నేల పైపొరకు దగ్గర్లనే ఎక్కువ రోజులు నీళ్ళు ఉంటయ్ అని. అక్కడ గులకరాళ్ళు పోసింది వాగు కాదు, సుమారు 20 వేల ఏండ్ల కింద ఆ దేశం ఉత్తరం దిక్కు చాలా భాగం మందమైన మంచు కప్పి ఉండె, అది కరుగుతుంటే పారిన నీళ్ళు కంకరను మోసుకొచ్చి పరిచినయ్, దాన్ని ఔట్‌వాష్ అంటరు. మన దగ్గర ఆ మంచు లేదు, ఆ పేరు మనకు పెట్టుకోవద్దు. కానీ గరప మట్టి, కంకర, పైకి లేచే నీళ్ళు, బూడిద రంగు మచ్చలు, ఈ వరుస మాత్రం ఒకటే. వాళ్ళకు చలికాలం నుంచి ఎండాకాలం ముందుదాకా తడి, మనకు ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా. వాళ్ళు భూమిల బెజ్జాల ప్లాస్టిక్ పైపులు పూడ్చి నీళ్ళు తీసేసి మక్క, సోయా పండిస్తరు.

రంగు సంగతి కొంచెం చెప్తా, ఎందుకంటే కొనేటోనికి ఇదే అసలు సాక్ష్యం. మట్టికి ఎరుపు ఇచ్చేది ఇనుము తుప్పు. నెలల తరబడి నీళ్ళల్ల మునిగి గాలి అందకపోతే మట్టిల సూక్ష్మజీవులు ఆ తుప్పును కరగదీస్తయ్, ఇనుము నీళ్ళల్ల కలిసి కదిలిపోతది, మట్టి బూడిద రంగుకు తిరుగుతది. నీళ్ళు దిగినప్పుడు వేరు బెజ్జాలల్లకు గాలి వచ్చి అక్కడ మళ్ళ తుప్పు పేరుకుంటది, అవే ఎర్ర మచ్చలు. ఈ మచ్చలు ఎండాకాలంల కూడ పోవు. అమ్మేటోళ్ళు మే నెలల చూపిస్తరు, నేల గట్టిగ, దుమ్ము లేస్తుంటది, ఎవరైనా మంచి భూమే అంటరు. ఒక రెండు మూడు జాగలల్ల మూడడుగులు తవ్వించి చూడండి, అడుగు లోపలనే బూడిద రంగు కనిపిస్తే వానాకాలం నీళ్ళు అంతదాకా వస్తయన్నట్టే. గెట్ల వెంట తుంగ, జమ్ము ఉన్నదా చూడండి. ఒర్రెల నిలిచిన నీళ్ళ మీద నూనె తెట్టు లెక్క తళుక్కుమంటే పుల్లతో కదిలించండి, పెంకుల్లెక్క పగిలితే అది డీజిల్ కాదు, ఇనుము. ఎండాకాలం తెల్లటి పొర పేరుకుంటుంటే మాత్రం ఇంకింత ఆలోచించాలె, కింది నీళ్ళు పైకెక్కి ఆవిరయి ఉప్పు వదులుతున్నట్టు, చౌడు మొదలైనట్టు.

తరువాత నేనేం చేసిన్నో చెప్తా. రెండంగుళాల పీవీసీ పైపు ఐదడుగులది, బెజ్జాలు పొడిచి దోమతెర గుడ్డ చుట్టి నాలుగు జాగలల్ల పాతిన. ప్రతి ఆదివారం మా చిన్నోడు పుల్ల దించి తడి ఎంతవరకు ఉందో నోట్‌బుక్కుల రాసిండు. జూన్ల నాలుగడుగుల కింద ఉన్న నీళ్ళు కాల్వ వదిలిన పదిహేను రోజులకే లేచుడు మొదలుపెట్టినయ్, సెప్టెంబర్ చివరికి ఎనిమిది అంగుళాలకు వచ్చినయ్. వానకన్నా కాల్వే ఎక్కువ అని ఆ నోట్‌బుక్కుతోనే తెలిసింది. అప్పుడు చేను లోపల కాదు, పైగట్టు పక్కన అడ్డంగ ఒక కాల్వ కొట్టించిన, నాలుగడుగుల లోతు, కంకర పొర తెగేదాకా. ఒడ్డు నిటారుగ పెడితే జారుతది, ఏటవాలుగ పెట్టించిన. ఈ నేలల ఒక లాభం ఏందంటే కంకర అంతా ఒకదానికొకటి అందుకొని ఉంటది, ఒక్కకాడ తెగగొడితే చాలా దూరం నీళ్ళు గుంజుతది, రేగడిల లెక్క దగ్గర దగ్గర కాల్వలు అక్కర్లే. మరుసటి సెప్టెంబర్ల పై పక్క పైపుల నీళ్ళు రెండడుగుల కిందనే ఆగినయ్. వాగు పక్క ఎకరం మాత్రం ఏం మారలే, వాగు నిండినప్పుడు దానికి దారి లేదు, అది వరికే వదిలేసిన.

ఆ వరిల జింకు లోపం వస్తది, ఆకు మీద తుప్పు మచ్చలు, ఎదుగుదల ఆగుడు, ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేటు దమ్ముల వేస్తున్న, మూడు పంటలకు ఒకసారి. యూరియా మొత్తం ఒకేసారి పోయకండి. ఈ నేలల కొంత గాలిల కలుస్తది, కొంత కంకరలకు దిగి బావి నీళ్ళల్ల తేలుతది. చేన్ల ఇల్లు కట్టి లెట్రిన్ గుంత తీసుడు కూడ అదే కారణంగ వద్దు, కంకర ఏదీ వడగట్టది.

ఇప్పుడు మీ బత్తాయి. ముందు వాగు అడుగు మీ చేను కన్నా ఎంత లోతు ఉందో చూడండి, మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ చాలు, అక్టోబర్ల వాగు పారుతున్నప్పుడు ఆ నీళ్ళ మట్టం కూడ కొలవండి. పారే నీళ్ళ మట్టం మీ చేనుకు నాలుగడుగుల కింద ఉంటే పైన అడ్డ కాల్వ కొట్టి, ఎత్తు బోదెల మీద, ముందు ఒక పది మొక్కలు పెట్టి రెండు వానాకాలాలు చూడండి. అడుగు, అడుగున్నరే ఉంటే నేనైతే వరి రేటుకే ఆ భూమి బేరమాడుత, చెట్టు మాత్రం పెట్ట. నీళ్ళు వదిలేది పక్కోల్ల చేన్లకెళ్ళి పోవాల్సి వస్తే కొనకముందే వాళ్ళతోని మాట్లాడి కాయితం రాయించుకోండి, మాకు ఆ ఒక్క ముచ్చటకే ఏడాది పట్టింది. గుంత తీసినంక గోడ ఫోటో ఎండల తీసి ఇక్కడ పెట్టండి, రంగులు చూసి చెప్త.