టీడీఎస్ మీటరు చూసి మురిసిపోకు

అమ్మాయ్,

కొత్త ఇంట్లో నీళ్లు మంచివో కాదో ఎలా తెలుస్తుంది పెదనాన్నా అని అడిగావు, కిందనే టీడీఎస్ మీటరు మీద 140 కనిపిస్తున్న ఫోటో పెట్టి "బానే ఉన్నట్టేగా" అని నువ్వే తీర్పు కూడా ఇచ్చేశావు. ఆ మీటరు చేసేది ఒకటే పని, నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతోందో చూసి, కరిగిన లవణాలు ఇంత ఉండొచ్చని లెక్కగట్టి చూపిస్తుంది. మురుగు కాస్త కలిసిన నీళ్లకీ అదే 140 చూపించొచ్చు. బ్యాక్టీరియా దానికి కనపడదు. ఆర్సెనిక్ అనే విషం లీటరుకి 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, నీ మీటరేమో ఒక్కో మిల్లీగ్రాము చొప్పున అంకెలు మార్చేది, దానికేం తెలుస్తుంది? రుచికి మాత్రం పనికొస్తుంది: 600 లోపు ఉంటే తాగడానికి బాగుంటాయి, 1000 దాటితే నోట్లో పోసుకోబుద్ధి కాదు.

ఫిల్టర్లు అమ్మేవాళ్లు వచ్చి చేసే గారడీ ఒకటి ఉంది, దానికి పడిపోకు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు పోసి, లోహపు కడ్డీలు ముంచి స్విచ్ వేస్తారు. మీ గ్లాసులో గోధుమరంగు మడ్డి తేలుతుంది, వాళ్లది తేటగా ఉంటుంది. ఆ మడ్డి నీళ్లది కాదు తల్లీ, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ, కరెంటు అంతగా పారదు, అందుకే ఏమీ కానట్టుంటుంది. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వెయ్యమను, దాని రంగూ మారిపోతుంది, ఆ అమ్మేవాడి ముఖం రంగు కూడా.

అసలు మొదట చూడాల్సింది క్రిముల్ని చంపడానికి కలిపే క్లోరిన్. సరఫరా నీళ్లయితే కుళాయి దగ్గరికొచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చుక్కలు వేసి చూసే చిన్న కిట్లు దొరుకుతాయి, రంగును కార్డుతో పోల్చుకోవడమే. ట్యాంకులోకి వెళ్లకముందు బయటి లైను దగ్గర ఒకసారి, వంటింటి కుళాయి దగ్గర ఒకసారి చూడు. బయట ఉండి లోపల లేదంటే అనుమానం మీ ట్యాంకు మీదే. మా ఇంట్లో ఒకసారి ఇలాగే అయింది, ఫిల్టరు కంపెనీని తిట్టుకుంటూ వారం గడిపాక పైకెక్కి చూస్తే, ఓవర్‌ఫ్లో పైపుకి జాలీ లేదు, అందులోంచి దూరిన బల్లి నీళ్లలో ఉబ్బి తేలుతోంది. ముప్పై ఏళ్లు ల్యాబులో ఊరందరి నీళ్లూ పరీక్షించినవాణ్ణి, నా ట్యాంకు మూత ఎత్తి చూసుకోలేదు.

తరవాత బ్యాక్టీరియా. హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసా అని ఉంటుంది, 1982లో మంజా అనే శాస్త్రవేత్త, సహచరులు కలిసి మనదేశంలోనే రూపొందించిన పద్ధతి. గీత దాకా నీళ్లు పోసి గది వేడిమిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం తాలూకు కాలుష్యం ఉన్నప్పుడు నల్లబడుతుంది. బోరు నీళ్లలో సహజంగానే గంధకం ఉంటే ఊరికే నల్లబడే అవకాశం ఉంది, కాబట్టి నల్లబడితే కంగారుపడకుండా ల్యాబుకి ఇవ్వు, ఈలోపు నీళ్లు బాగా మరిగించి తాగండి. ల్యాబు రిపోర్టులో 100 మిల్లీలీటర్లకి ఈ.కోలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) సున్నా ఉండాలి. ఒకటో రెండో ఉంటే పర్లేదులే అనేది ఇందులో లేదు.

శాంపిల్ పట్టడంలోనే సగం మంది పాడుచేస్తారు. సీసా ల్యాబు వాళ్లిచ్చిందే తీసుకో, అందులో క్లోరిన్‌ని విరిచే మందు వేసి ఉంటుంది, కడగకు. కుళాయి మూతికి జల్లెడ ఉంటే తీసెయ్, స్పిరిట్‌తో తుడువు, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి అప్పుడు పట్టు, మూత లోపలివైపు వేలు తగలనివ్వకు. ఐసులో పెట్టి అదే రోజు చేర్చు. పాత పైపులున్న ఇల్లయి సీసం (లెడ్) చూడాలంటే మాత్రం పద్ధతి తిరగబడుతుంది: రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి, పొద్దున్నే వచ్చే మొదటి నీళ్లే పట్టాలి. వేరే సీసా, వేరే రోజు.

బోరు కూడా ఉంటే ఫ్లోరైడ్, నైట్రేట్ తప్పకుండా రాయించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు లీటరుకి వరుసగా 1.5, 50 మిల్లీగ్రాములు. ఇవి మరిగిస్తే పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి నైట్రేట్ సంగతి నాకు టెన్షన్.

తొలి వానలు పడ్డాక, వీధిలో పైపుల కోసం తవ్వాక మళ్లీ ఒకసారి చేయించు. నీళ్లు ఆగి ఆగి వచ్చే చోట, లైను ఖాళీగా ఉన్నప్పుడు పగుళ్లలోంచి మురుగు లోపలికి లాగుకుంటుంది, అందుకే మొదటి అయిదు నిమిషాల నీళ్లు ట్యాంకులోకి పోనివ్వకు, మొక్కలకి పట్టు.

రిపోర్టు వచ్చాక ఫోటో పంపు, ఏ సీసా ఏ కుళాయి దగ్గర పట్టావో పక్కన రాయడం మర్చిపోకు.

మీ పెదనాన్న